8088 ఎక్స్‌టీలోకి టెలిక్స్ ఎక్కించి వైఫై మోడెమ్‌తో బీబీఎస్‌కి వెళ్లడం

#1 ఎక్స్‌టీ_640

అందరికీ నమస్కారం. మెషిన్ వివరాలు: ఎక్స్‌టీ క్లోన్ (పాత ఐబీఎం పీసీ ఎక్స్‌టీకి నకలు), 8088 ప్రాసెసర్, 4.77 / 8 మెగాహెర్ట్జ్ టర్బో, 640 కేబీ ర్యామ్, 20 ఎంబీ ఎస్‌టీ-225 హార్డ్ డిస్క్, డాస్ 3.3, జీడబ్ల్యూ-బేసిక్ ఉంది. సీరియల్ పోర్ట్ మల్టీ ఐ/ఓ కార్డ్ మీద, 25 పిన్ల కనెక్టర్. 360 కేబీ ఫ్లాపీ డ్రైవ్ తల పోయింది, కాబట్టి ఫ్లాపీ దారి మూసుకుపోయినట్టే. ఇంకో పక్క లైనక్స్ ల్యాప్‌టాప్, యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఉన్నాయి. మోడెమ్ బదులు ఈఎస్‌పీ8266 చిప్‌తో చేసిన వైఫై బోర్డ్, 9 పిన్ల కనెక్టర్‌తో.

కావలసింది రెండు. ఒకటి, ఫ్లాపీ లేకుండా టెలిక్స్‌ని (బీబీఎస్‌లకి, అంటే మోడెమ్‌తో వెళ్లే బులెటిన్ బోర్డులకి, డయల్ చేసే డాస్ ప్రోగ్రామ్) హార్డ్ డిస్క్ మీదికి చేర్చడం. రెండు, మోడెమ్‌కి సరైన సెట్టింగులు.

#2 టంకంపెట్టె

సాఫ్ట్‌వేర్ జోలికి పోయేముందు పోర్ట్ బతికుందో లేదో చూడండి. పది నిమిషాల పని.

ముందు కనెక్టర్ చూసుకోండి. కార్డ్ మీద 25 పిన్ల మగ కనెక్టర్ అయితే సీరియల్, ఆడది అయితే ప్రింటర్. ఇక్కడ పొరపడితే తర్వాతిదంతా వృథా.

తర్వాత డాస్‌లోని డిబగ్ ప్రోగ్రామ్ తెరిచి "డీ 40:0" కొట్టండి. మొదటి రెండు బైట్లు "ఎఫ్8 03" అని ఉంటే బయోస్‌కి కామ్1 (మొదటి సీరియల్ పోర్ట్) కనబడినట్టే. అంటే అడ్రస్ 3ఎఫ్8, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) 4. రెండో జత "ఎఫ్8 02" అయితే కామ్2 కూడా ఉంది, దాని ఐఆర్‌క్యూ 3. ముందు నాలుగు బైట్లూ సున్నాలైతే కార్డ్ మీద జంపర్ తప్పుగా ఉంది, లేదా చిప్ పోయింది. ఎక్స్‌టీ బయోస్‌లు సాధారణంగా ఈ రెండు అడ్రస్‌లే వెతుకుతాయి. జంపర్ కామ్3కి పెట్టి ఉంటే పట్టికలోకి రాదు.

ఆపైన మల్టీమీటర్. మెషిన్ ఆన్ చేసి, 25 పిన్లలో 7 (గ్రౌండ్) మీద నల్ల తీగ, 2 (టీఎక్స్‌డీ, డేటా పంపే పిన్) మీద ఎర్ర తీగ పెట్టండి. ఏమీ పంపనప్పుడు మైనస్ 9 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య రావాలి. సున్నా దగ్గర ఉంటే పవర్ సప్లైలో మైనస్ 12 లైన్ చూడండి. పాత సప్లైల్లో ఆ లైన్ పోయినా కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది, సీరియల్ పోర్ట్ మాత్రమే మూగబోతుంది. అది కాకపోతే 1488 డ్రైవర్ చిప్. 14 కాళ్ల చిప్, మార్చడం తేలిక.

#3 కెర్మిట్_దారి

ఫ్లాపీ లేకపోయినా దారి ఉంది. ఇంకో డాస్ 6 మెషిన్ ఉండి ఉంటే "ఇంటర్‌ఎస్‌వీఆర్ /ఆర్‌కాపీ" వాడమనేవాణ్ణి. ఏడు తీగల నల్ మోడెమ్ కేబుల్ (మోడెమ్ లేకుండా రెండు కంప్యూటర్లని నేరుగా కలిపేది) మీద అది తనంతట తానే అవతలికి ఎక్కుతుంది. లైనక్స్ మాత్రమే ఉంది కాబట్టి బేసిక్ పద్ధతి.

కొలంబియా యూనివర్సిటీ వాళ్లు ఎంఎస్-డాస్ కెర్మిట్‌ని (సీరియల్ లైన్ మీద ఫైళ్లు పంపే ప్రోగ్రామ్) ".బీఓఓ" రూపంలో కూడా ఇచ్చారు. మూడు బైట్లని నాలుగు అచ్చు అక్షరాలుగా మార్చిన మామూలు టెక్స్ట్ ఫైల్ అది. దాన్ని మళ్లీ ప్రోగ్రామ్‌గా మార్చే చిన్న బేసిక్ ప్రోగ్రామ్ పేరు "ఎంఎస్‌బీపీసీటీ.బాస్". రెండూ టెక్స్టే కాబట్టి డాస్‌లోని కాపీ కమాండ్ చాలు.

ఎక్స్‌టీలో:
"మోడ్ కామ్1:1200,ఎన్,8,1"
"కాపీ కామ్1: ఎంఎస్‌బీపీసీటీ.బాస్"

ల్యాప్‌టాప్‌లో మినికామ్ (టెర్మినల్ ప్రోగ్రామ్) తెరిచి అదే 1200, 8-ఎన్-1 (8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్) పెట్టండి. కంట్రోల్-ఏ, టీ నొక్కితే టెర్మినల్ సెట్టింగులు వస్తాయి. అందులో ప్రతి లైన్ తర్వాత ఆగే సమయం 100 మిల్లీసెకన్లు ఇవ్వండి. ఫైల్లో లైన్ల చివర సీఆర్, ఎల్‌ఎఫ్ (లైన్ ముగింపు గుర్తులు) రెండూ ఉండాలి. లైనక్స్ ఫైల్లో ఎల్‌ఎఫ్ ఒక్కటే ఉంటుంది కనుక ముందే మార్చుకోండి. ఫైల్‌ని ఆస్కీగా పంపి, చివర్లో కంట్రోల్-జెడ్ కొట్టండి. అది అందితేనే కాపీ కమాండ్ ఫైల్ మూసి ప్రాంప్ట్‌కి వస్తుంది.

అదే పద్ధతిలో .బీఓఓ ఫైల్. సెకనుకి 120 అక్షరాలు కాబట్టి 100 కేబీకి పావుగంట దాకా పడుతుంది, లైన్ విరామాలు కలిస్తే ఇంకా ఎక్కువ. పాత 2.3 తరం కెర్మిట్ చిన్నది, ముందు దాన్నే ఎక్కించండి. తర్వాత జీడబ్ల్యూ-బేసిక్‌లో డీకోడర్ నడిపి వదిలేయండి. 8088 మీద బేసిక్ కదా, ఎటూ తొందరపడదు.

ఇక ఆ కెర్మిట్‌తో 9600 మీద టెలిక్స్ ఆర్కైవ్‌నీ, అన్‌జిప్ ప్రోగ్రామ్‌నీ తెచ్చుకోవచ్చు. ఈసారి ప్రతి ప్యాకెట్‌కీ తనిఖీ ఉంటుంది కాబట్టి ఫైల్ పాడయ్యే భయం లేదు.

#4 ఎక్స్‌టీ_640

డిబగ్‌లో "ఎఫ్8 03" వచ్చింది, 2వ పిన్ మీద మైనస్ 11.4. కాపీ కమాండ్ కొట్టగానే కామ్1 సిద్ధంగా లేదని "అబార్ట్, రీట్రై, ఇగ్నోర్" అడుగుతోంది. కేబుల్ మూడు తీగలదే: 25 పిన్ల వైపు 2, 3, 7, 9 పిన్ల వైపు 2, 3, 5. 2-3 తారుమారు చేయలేదు. నల్ మోడెమ్ అంటే తారుమారు చేయాలి కదా?

#5 టంకంపెట్టె

తారుమారు చేయొద్దు. 25 పిన్లలో 2 టీఎక్స్‌డీ, 3 ఆర్‌ఎక్స్‌డీ. 9 పిన్లలో 2 ఆర్‌ఎక్స్‌డీ, 3 టీఎక్స్‌డీ. అంటే రెండు కంప్యూటర్ల మధ్య 25 నుంచి 9కి వెళ్లేటప్పుడు 2-2, 3-3, 7-5 కలిపితేనే తీగలు అడ్డంగా మారినట్టు. 25 నుంచి 25కి చెప్పిన బొమ్మ చూసి 9 పిన్ల కనెక్టర్‌కి చేస్తే మాట్లాడేవాళ్లిద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు.

ఇక ఎర్రర్ సంగతి. డాస్ కాపీ కమాండ్ బయోస్ ఇంటరప్ట్ 14 ద్వారా వెళ్తుంది. అది డీటీఆర్ ("నేను సిద్ధం" అనే తీగ) లేపి, అవతలి నుంచి డీఎస్ఆర్ ("నేనూ సిద్ధం") వచ్చేదాకా చూస్తుంది. పంపేటప్పుడైతే సీటీఎస్ ("పంపొచ్చు" అనే తీగ) కూడా కావాలి. మూడు తీగల కేబుల్లో అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఎక్స్‌టీ వైపు కనెక్టర్లోనే 4-5 కలిపి టంకం వేయండి, 6-8-20 మూడూ కలిపి ఇంకోటి. సమస్య తీరుతుంది. టెలిక్స్ లాంటివి బయోస్‌ని పక్కనపెట్టి చిప్‌తో నేరుగా మాట్లాడతాయి కాబట్టి వాటికి ఈ అతుకులు లేకపోయినా నడుస్తుంది. "టెర్మినల్‌లో పనిచేస్తుంది, కాపీలో పనిచేయదు" అనే గందరగోళం ఎక్కువగా ఇక్కడి నుంచే.

ఇంకో మాట. ఇంటరప్ట్ 14 అక్షరాల్ని దాచుకోదు. ప్రోగ్రామ్ అడిగిన క్షణంలో చిప్‌లో ఉన్నదే తీసుకుంటుంది. అందుకే పైన 1200 అన్నారు. 9600 పెట్టి కాపీ చేస్తే ఫైల్లో చిల్లులు పడతాయి, ఎర్రర్ కూడా రాదు.

వైఫై బోర్డ్‌కి ఈ కేబుల్ వాడకండి. మోడెమ్‌కి వెళ్లేది వేరే: 25 వైపు 2 నుంచి 9 వైపు 3కి, 3 నుంచి 2కి, 4 నుంచి 7కి, 5 నుంచి 8కి, 6 నుంచి 6కి, 7 నుంచి 5కి, 8 నుంచి 1కి, 20 నుంచి 4కి, 22 నుంచి 9కి. పాత సీరియల్ మౌస్‌తో వచ్చే 9-25 అడాప్టర్ ఇదే. కొన్ని మౌస్ అడాప్టర్లలో అన్ని తీగలూ ఉండవు, మీటర్‌తో చూసుకుని వాడండి.

#6 ఎక్స్‌టీ_640

అతుకులు వేయగానే కాపీ నడిచింది. కెర్మిట్ ఎక్కింది, దాంతో టెలిక్స్ 3.22 కూడా వచ్చేసింది. ఇప్పుడు మోడెమ్ సెట్టింగులు చెప్పండి.

#7 నల్లతెర

టెలిక్స్‌లో ముందు ఆల్ట్-పీ. పోర్ట్ కామ్1, 9600, పారిటీ నన్, డేటా 8, స్టాప్ 1.

ఈఎస్‌పీ బోర్డ్‌కి పవర్ ఇచ్చినప్పుడు తెర మీద ఒక వరుస చెత్త వస్తుంది. కంగారుపడకండి. ఆ చిప్ లేస్తూనే 74,880 వేగంతో తన సొంత సందేశం పంపుతుంది. దానికి మోడెమ్ ఫర్మ్‌వేర్‌తో సంబంధం లేదు. రెండు సెకన్లాగి "ఏటీ" కొట్టి ఎంటర్ నొక్కండి. "ఓకే" రాకపోతే వేగం కలవలేదన్నమాట. ఫర్మ్‌వేర్‌ని బట్టి మొదటి వేగం 300 కావచ్చు, 1200, 9600, 115200 కావచ్చు. ఒక్కోటీ మార్చి చూడండి.

"ఏటీ?" కొడితే మీ బోర్డ్ తన కమాండ్ల జాబితా చూపిస్తుందేమో చూడండి. వైఫై మోడెమ్‌లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు:

మొదటి రకంలో "ఏటీ$ఎస్ఎస్ఐడీ=" తర్వాత వైఫై పేరు, "ఏటీ$పాస్=" తర్వాత పాస్‌వర్డ్, "ఏటీ$ఎస్బీ=9600" వేగానికి, "ఏటీసీ1" కలవడానికి, "ఏటీ&డబ్ల్యూ" దాచుకోవడానికి.

రెండో రకం, జీమోడెమ్ అనే ఫర్మ్‌వేర్ అయితే "ఏటీడబ్ల్యూ" అంటే చుట్టూ ఉన్న నెట్‌వర్కుల జాబితా. "ఏటీడబ్ల్యూ" తర్వాత కోట్స్‌లో పేరు, కామా, పాస్‌వర్డ్ ఇస్తే కలుస్తుంది. వేగానికి "ఏటీబీ9600".

వేగం మార్చిన మరుక్షణం టెలిక్స్‌లో కూడా మార్చాలి, లేకపోతే మోడెమ్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ఈఎస్‌పీ8266కి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ 5 మీద ఉంటే పేరు కూడా కనబడదు.

ఇక ఆల్ట్-ఓలో మోడెమ్ సెట్టింగులు. టెలిక్స్‌తో వచ్చే ఇనిట్ స్ట్రింగ్ (మొదట్లో మోడెమ్‌కి పంపే కమాండ్ల వరుస) "ఏటీజెడ్" తో మొదలై, "^ఎం" తర్వాత మూడు "~" గుర్తులు, ఆపైన ఎస్7, ఎస్0, వీ1, ఎక్స్4 ఉన్న ఏటీ లైన్‌తో ఉంటుంది. "^ఎం" అంటే ఎంటర్, "~" అంటే అర సెకను ఆగడం. వైఫై బోర్డ్‌కి ఆ ఎస్ రిజిస్టర్లు అనవసరం, కొన్ని ఫర్మ్‌వేర్‌లు "ఎర్రర్" అంటాయి కూడా. "ఏటీజెడ్^ఎం" చాలు. కాకపోతే ఏటీజెడ్ తర్వాత బోర్డ్ మళ్లీ వైఫై వెతుక్కుంటుంది, నాలుగైదు సెకన్లు పడుతుంది. అందుకని నేనైతే ఉత్త "ఏటీ^ఎం" పెట్టమంటాను.

అక్కడే "ఆటో బాడ్ డిటెక్ట్" అని ఉంటుంది, ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మోడెమ్ "కనెక్ట్ 2400" అనగానే టెలిక్స్ పోర్ట్ వేగాన్ని 2400కి దించేస్తుంది, మోడెమ్ మాత్రం 9600లోనే ఉంటుంది. కనెక్ట్ దాకా బాగుండి ఆ వెంటనే తెరంతా పిచ్చిగీతలైతే తొంభై పాళ్లు కారణం ఇదే.

ఫ్లో కంట్రోల్ (బఫర్ నిండితే అవతలివైపుని ఆపే పద్ధతి): ఆర్‌టీఎస్/సీటీఎస్ (తీగలతో ఆపేది) ఆన్, ఎక్సాన్/ఎక్సాఫ్ (అక్షరాలతో ఆపేది) ఆఫ్. మోడెమ్ వైపు కూడా అదే పెట్టాలి. పైన మొదటి రకంలో "ఏటీ&కే1", జీమోడెమ్‌లో "ఏటీఎఫ్0". ఒక వైపే పెడితే పెట్టనట్టే.

డయల్ చేయడం: "ఏటీడీటీ" తర్వాత ఫోన్ నంబర్ బదులు సర్వర్ పేరు, కోలన్, పోర్ట్ నంబర్. పరీక్షకి టెలిహ్యాక్ సర్వర్, పోర్ట్ 23 బాగుంటుంది. ఎప్పుడూ ఎత్తుతుంది.

#8 వేగం_కావాలి

9600 ఏమిటి సార్ మరీ! యూఏఆర్‌టీ (సీరియల్ పోర్ట్ చిప్) గరిష్ఠం 115200, కేబుల్ మీటరు కూడా లేదు. ఈఎస్‌పీ కూడా అంతకు మించే ఇస్తుంది. నేరుగా 115200 పెట్టేయొచ్చు కదా.

#9 టంకంపెట్టె

తీగ మోస్తుంది, ప్రాసెసర్ మోయదు. లెక్క చూడండి. 8-ఎన్-1లో ఒక్కో అక్షరానికి 10 బిట్లు. 9600 అంటే సెకనుకి 960 అక్షరాలు, 4.77 మెగాహెర్ట్జ్‌లో అక్షరానికీ అక్షరానికీ మధ్య సుమారు 5,000 క్లాక్‌లు. 38400 దగ్గర 1,240. 115200 దగ్గర 414. 8088లో మామూలు ఇన్‌స్ట్రక్షనే పది ఇరవై క్లాక్‌లు తింటుంది. ఇంటరప్ట్‌లోకి వెళ్లి, రిజిస్టర్లు దాచి, అక్షరం చదివి, బఫర్లో పెట్టి, తిరిగొచ్చేసరికే కొన్ని వందలు అయిపోతాయి. తెర మీద రాయడానికీ, తెర పైకి జరపడానికీ ఇంకేం మిగులుతుంది?

ఆపైన 8250, 16450 యూఏఆర్‌టీల్లో వచ్చిన అక్షరం ఆగే చోటు ఒక్కటే. తర్వాతిది పూర్తయ్యేలోగా మొదటిది తీసుకోకపోతే దాని మీద ఇది పడిపోతుంది. ఆర్‌టీఎస్/సీటీఎస్ ఉంది కదా అంటారేమో. ఆర్‌టీఎస్‌ని దించేది సాఫ్ట్‌వేరే, చిప్ కాదు. డిస్క్ బయోస్ ఇంటరప్ట్‌లు మూసి పని చేసుకుంటున్న సమయంలో దాన్ని దించేవాడే ఉండడు.

నిజంగా వేగం కావాలంటే చిప్ మార్చండి. 40 కాళ్ల 8250 లేదా 16450 సాకెట్‌లో ఉంటే పీకి 16550ఏ పెట్టొచ్చు. తేడా ఉన్న 24, 29 కాళ్లని మామూలు సీరియల్ కార్డులు వాడవు. "ఏ" లేని పాత 16550 వద్దు, దాని ఫిఫోలో (అక్షరాలు వరుసగా ఆగే బఫర్) లోపం ఉంది. 16550ఏలో 16 బైట్ల ఫిఫో ఉంటుంది కాబట్టి 9600 దగ్గర 16 మిల్లీసెకన్ల వెసులుబాటు దొరుకుతుంది. దాంతో టర్బోలో 19200 దాకా అడగొచ్చు. కార్డ్ మీద యూఏఆర్‌టీ పెద్ద చిప్‌లో కలిసిపోయి ఉంటే ఈ దారి లేదు.

#10 ఎక్స్‌టీ_640

9600తో టెలిహ్యాక్ చక్కగా వస్తోంది. ఇంకో బీబీఎస్‌లో ఏఎన్ఎస్ఐ రంగులు, గీతలు కూడా సరిగ్గానే కనబడుతున్నాయి. కానీ డౌన్‌లోడ్ ఆగిపోతోంది. జీమోడెమ్ ప్రోటోకాల్... క్షమించాలి, జెడ్‌మోడెమ్ ప్రోటోకాల్‌తో వరసగా సీఆర్‌సీ (డేటా తనిఖీ) ఎర్రర్లు. ఎక్స్‌మోడెమ్‌తో కొంత వచ్చి నిలిచిపోతుంది. టెక్స్ట్ ఫైళ్లు మాత్రం వస్తున్నాయి.

#11 కెర్మిట్_దారి

ఒక్క ప్రశ్న: అదే ఫైల్ మళ్లీ తెస్తే ప్రతిసారీ అదే చోట ఆగుతోందా, లేక ఒక్కోసారి ఒక్కో చోటా? ఒకే చోట అయితే డేటాలో ఉన్న ఏదో బైట్ కారణం. వేర్వేరు చోట్లయితే అక్షరాలు జారిపోతున్నాయి.

#12 ఎక్స్‌టీ_640

ఒకే చోట. జిప్ ఫైల్ ఎప్పుడూ అక్కడే. ఎక్స్‌మోడెమ్‌లో ఇంకో ఫైల్ 254వ బ్లాక్ దాటడం లేదు.

#13 కెర్మిట్_దారి

254 అన్నారు కాబట్టి ఇక అనుమానం లేదు. టెల్నెట్‌లో (బీబీఎస్ సర్వర్‌తో నెట్ మీద మాట్లాడే పద్ధతి) 255 అనే బైట్‌కి ప్రత్యేక అర్థం ఉంది, తర్వాత వచ్చేది కమాండ్ అని. అందుకే సర్వర్ నిజమైన 255ని పంపాల్సి వస్తే రెండుసార్లు పంపుతుంది. మధ్యలో ఎవరైనా ఆ రెంటినీ ఒకటి చేయాలి. మీ బోర్డ్ ఆ పని చేయకుండా రెండూ ఎక్స్‌టీకి ఇచ్చేస్తోంది. టెక్స్ట్‌లో 255 ఉండదు కనుక బాగానే వస్తుంది, జిప్‌లో ఉంటుంది కనుక విరుగుతుంది. జెడ్‌మోడెమ్ ఎక్సాన్, ఎక్సాఫ్ లాంటి వాటిని దాచి పంపుతుంది గానీ 255ని దాచదు.

ఎక్స్‌మోడెమ్ అయితే ఇంకా ముచ్చట. బ్లాక్ నంబర్ ఒక బైట్. 255వ బ్లాక్ హెడర్‌లోనే 255 ఉంటుంది. ఫైల్లో ఆ బైట్ ఒక్కటీ లేకపోయినా, 254 బ్లాకులు, అంటే 32,512 బైట్లు దాటగానే అక్కడ తగులుకుంటుంది.

మందు: బోర్డ్‌లో టెల్నెట్ అనువాదం ఆన్ చేయడం. మొదటి రకంలో "ఏటీనెట్1", తర్వాత "ఏటీ&డబ్ల్యూ". జీమోడెమ్‌లో డయల్ కమాండ్‌లోని "టీ" అక్షరమే ఆ పని చేస్తుంది, కాబట్టి "ఏటీడీ" కాకుండా "ఏటీడీటీ" వాడాలి. అయితే టెల్నెట్ కాని ముడి పోర్ట్‌కి వెళ్లేటప్పుడు దీన్ని ఆపాలి, లేకపోతే ఈసారి అసలైన 255లు మాయమవుతాయి.

బీబీఎస్‌లో కెర్మిట్ ప్రోటోకాల్ ఉంటే అసలు ఈ గొడవే లేదు. మామూలు అమరికలో అది 255ని ఉన్నదున్నట్టు పంపదు. నెమ్మది అనే పేరు పడింది గానీ "సెట్ రిసీవ్ ప్యాకెట్ 1000", "సెట్ విండో 4" ఇచ్చి చూడండి, 9600 దగ్గర పెద్ద తేడా తెలియదు.

#14 తీగలమ్మ

ఒక సందేహం కలుపుతున్నాను. నా దగ్గర వైఫై బోర్డ్ కాదు, అసలు సిసలు 33.6 మోడెమ్ ఉంది. ల్యాండ్‌లైన్‌కి పెట్టి డయల్ చేస్తే "నో డయల్‌టోన్" అంటోంది. ఫోన్ ఎత్తితే టోన్ వినబడుతోంది.

#15 నల్లతెర

తీగలమ్మ గారూ, "ఏటీఎక్స్3" ఇచ్చి తర్వాత డయల్ చేయండి. మన దేశంలో డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ అల. అమెరికాలో 350, 440 కలిపిన టోన్. అక్కడి కోసం చేసిన మోడెమ్ మన టోన్‌ని గుర్తుపట్టకపోవచ్చు. ఎక్స్4లో టోన్ వింటేనే డయల్ చేస్తుంది. ఎక్స్3లో వినకుండానే చేస్తుంది, బిజీ టోన్ మాత్రం పట్టుకుంటుంది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలైన కొత్తలో షెల్ అకౌంట్లకి వీటీ100 టెర్మినల్‌తో వెళ్లిన రోజుల నుంచీ ఇనిట్ స్ట్రింగ్‌లో ఎక్స్3 ఇక్కడ మామూలే.

లైన్ రాగిదేనా, ఫైబర్ పెట్టెలోంచి వస్తోందా అన్నది చూసుకోండి. ఫైబర్ పెట్టె ఫోన్ పోర్ట్ అంటే లోపల వాయిస్ ప్యాకెట్లుగా మారి పోతోందని అర్థం. వీ.34 (33.6 లాంటి) మోడెమ్‌లు దాని మీద అరిచి అరిచి తెగిపోతాయి. వాయిస్‌ని డేటాగా మార్చే కోడెక్ జీ.711 అయి ఉండి, వేగాన్ని 2400కి, అంటే వీ.22బిస్‌కి కట్టడి చేస్తే నిలబడే అవకాశం ఎక్కువ. ఆ కట్టడి చేసే కమాండ్ ఒక్కో మోడెమ్‌కి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్ చూడాల్సిందే.

#16 వేగం_కావాలి

నేను బోర్డ్ సొంతంగా చేసుకుందామనుకుంటున్నాను. ఈఎస్‌పీకి మ్యాక్స్232 (సీరియల్ వోల్టేజీలని మార్చే చిప్) చాలా?

#17 టంకంపెట్టె

మ్యాక్స్232 5 వోల్టులది. ఈఎస్‌పీ8266 3.3 వోల్టులది. మ్యాక్స్3232 తీసుకోండి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు, సప్లై దగ్గర ఇంకోటి. అందులో రెండు డ్రైవర్లు, రెండు రిసీవర్లే ఉంటాయి. డేటాకి ఒక జత, ఆర్‌టీఎస్/సీటీఎస్‌కి ఒక జత, అంతే. డీసీడీ (లైన్ కలిసిందని చెప్పే తీగ), డీఎస్ఆర్, డీటీఆర్ అన్నీ కావాలంటే ఐదు డ్రైవర్లు, మూడు రిసీవర్లు ఉన్న మ్యాక్స్3237. మోడెమ్ వైపుకి సరిగ్గా అన్నే కావాలి.

మ్యాక్స్3232తోనే సరిపెడితే ఎక్స్‌టీ వైపు కనెక్టర్లో డీటీఆర్‌ని డీఎస్ఆర్, డీసీడీలకి కలిపేయండి. అప్పుడు టెలిక్స్ ఎప్పుడూ ఆన్‌లైన్ అనే చూపిస్తుంది, డయలింగ్ డైరెక్టరీ నుంచి డయల్ చేయబోతే లైన్ ఇప్పటికే కలిసి ఉందనుకుంటుంది. "ఏటీడీటీ" చేత్తో కొట్టుకోవాలి.

వైఫై పంపే క్షణంలో ఈఎస్‌పీ 300 మిల్లీయాంపుల పైన లాగుతుంది. యూఎస్‌బీ-సీరియల్ ముక్కలోని 3.3 పిన్ నుంచి ఇవ్వకండి. 5 వోల్టుల ఛార్జర్, విడిగా రెగ్యులేటర్, చిప్ పక్కనే 470 మైక్రోఫారడ్. కలిసే సమయంలో బోర్డ్ మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంటే కోడ్‌ని అనుమానించే ముందు ఆ కెపాసిటర్ చూడండి.

#18 ఎక్స్‌టీ_640

"ఏటీనెట్1" ఇచ్చాక జిప్ పూర్తిగా వచ్చింది, అన్‌జిప్ కూడా ఎర్రర్ లేకుండా అయింది. చివరిగా ఒకటి: ఆల్ట్-హెచ్ కొడితే లైన్ తెగడం లేదు. "+++" చేత్తో కొట్టినా అవతలికి అక్షరాలుగా పోతోంది.

#19 నల్లతెర

ఆల్ట్-హెచ్ ముందు డీటీఆర్‌ని దించి చూస్తుంది. మీ బోర్డ్ ఆ తీగని పట్టించుకోకపోతే ఆ దెబ్బ తగలదు. "+++" కి ముందు ఒక సెకను, తర్వాత ఒక సెకను ఏ అక్షరమూ వెళ్లకూడదు. ఆ తర్వాత ఎంటర్ కూడా కొట్టకూడదు. ఎంటర్ కొట్టారంటే అది డేటా అనుకుని వదిలేస్తుంది. "ఓకే" వచ్చాకే "ఏటీహెచ్" కొట్టి ఎంటర్. ఆల్ట్-ఓలో హ్యాంగప్ స్ట్రింగ్‌ని "~~~+++~~~ఏటీహెచ్0^ఎం" అని పెడితే టెలిక్స్ అటూ ఇటూ ఒకటిన్నర సెకను తనే ఆగుతుంది.